పోతుతాడు కల్లు

బుచ్చయ్య చెట్టు మీద ఉన్నాడు. మోకుకు నడుం ఆనించి, మడమలు బెరడుకు తన్నిపెట్టి, గెల కొసను పల్చగా చెక్కుతున్నాడు. కింద బండి ఆగిన చప్పుడైంది. వచ్చిందెవరో, ఎందుకో చూడకుండానే తెలిసిపోయి ఆయనకు ఒళ్లు మండింది.

పోయినేడు కోరుట్ల నుంచి ఎవడో వచ్చి ఈ చెట్టు కిందే ఫోనులో వీడియో తీశాడు. పోతుతాడు అంటే మగ తాటిచెట్టు, దాని పొద్దటి కల్లు మగవాళ్ల నరాలకు మందు అన్నాడు. ఇక చూడాలి. సిరిసిల్ల నుంచి, జగిత్యాల నుంచి, చదువు చెప్పే సార్లు కూడా తువ్వాలలో ముఖం దాచుకుని దిగుతున్నారు. ఒకడు తేనె కలపాలా అంటాడు, ఇంకొకడు అశ్వగంధ పొడి ఎన్ని చెంచాలంటాడు. చెట్టుకు మీసాలున్నట్టే మాట్లాడతారు. పైగా యాభై ఏడేళ్లొచ్చినా రోజుకు ఇరవై చెట్లెక్కే బుచ్చయ్యే సాక్ష్యమని చెప్పుకుంటారు. ఆ మాట వింటే ఆయన పళ్లు కొరుక్కుంటాడు. కాదని మాత్రం ఎన్నడూ అనలేదు.

కింద రాజేందర్ స్టీలు ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డాడు. మస్కట్‌లో క్రేను నడుపుతాడు. పెళ్లై ఆరేళ్లయినా పిల్లల్లేరు. రెండేళ్లకోసారి దొరికే నలభై రోజుల సెలవులో, వచ్చిన రెండోనాటి నుంచి ఒక్క పొద్దూ కల్లుకు రాక మానలేదు.

"కాకా, గియ్యాల ఆఖరు. మాపటికి బండెక్కుడే. జర చిక్కటిది పొయ్యి."

"ఏమన్న ఫరక్ పడ్డదా?"

రాజేందర్ లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. వెంట తెచ్చుకున్న నీళ్ల సీసా గటగటా ఖాళీ చేసి, కంప చాటుకు పోయి వచ్చాడు. కాసేపటికే మళ్లీ పోయాడు. ఈ దాహం, ఈ తిరుగుడు బుచ్చయ్య రోజూ చూస్తూనే ఉన్నాడు. ఒకప్పుడు తనదీ ఇదే తంతు.

ఎనిమిదేళ్లు ఆయన ఈ చెట్టు కల్లే రోజూ లొట్టెడు, అంటే నిండు కుండ, తాగాడు. రెండేళ్ల కింద ఊళ్లో వైద్య శిబిరం పెడితే వేలికి సూది గుచ్చి షుగరన్నారు. సిగ్గు చంపుకుని మగతనం సంగతి కూడా అడిగితే, డాక్టరమ్మ రాస్తున్న కాగితం మీంచి తలెత్తకుండా, "అదీ దీనివల్లే. కల్లు, బీడీ మానెయ్, గోలీలు తప్పకు" అంది. మానేశాడు. కల్లు గీసేవాడు కల్లు ముట్టడంటే ఊరు నవ్వుతుందని గోలీలు మోకు సంచిలో దాచాడు. ఒళ్లు మెల్లగా దారికొచ్చింది కానీ, భార్య సారక్కకు మాత్రం ఏదీ చెప్పలేదు.

"ఇగ నీకు పొయ్యను," అన్నాడు బుచ్చయ్య చెట్టు దిగుతూ.

"ఏంది కాకా?"

"పొయ్యనురా! ఇన్నొద్దులు పోసుడే నా తప్పు. నాకే పనిచెయ్యలే గీ కల్లు. పదేండ్ల సంది గోడ దిక్కు తిరిగి పంటున్న. నాకు షుగరున్నది. నీకు గూడ గదే ఉన్నట్టున్నది. జగిత్యాలల దిగి సూపెట్టుకో."

రాజేందర్ ముఖం కందిపోయింది. "ఎరికుండి గూడ నన్ను పిచ్చోణ్ణి జేసినవా!" అని ఫ్లాస్కు చెట్టు మొదట్లో పడేసి వెళ్లిపోయాడు.

మాపటిదాకా ఆగకుండా మధ్యాహ్నమే రాజేందర్ ఎక్కిన కారు రోడ్డు మీద పోయింది. అద్దం దించలేదు. ఇక తన పరువు గంగలో కలిసినట్టేనని బుచ్చయ్య కల్లు లొట్లు కడుగుతూ తనను తానే తిట్టుకున్నాడు.

పొద్దు గూకేవేళ రాజేందర్ భార్య సుమిత్ర వచ్చింది.

"మామా, జగిత్యాల నుంచి ఫోన్ జేసిండు. షుగరు మూడొందల పది ఉన్నదట. గోలీలు రాపిచ్చుకున్నడు." ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఇన్నేండ్లు నేనే నచ్చలేదనుకున్న మామా."

ఆయన ఫ్లాస్కు అందించబోయాడు. "నాకెందుకు మామా గది," అని వెళ్లిపోయింది.

బుచ్చయ్య ఫ్లాస్కు పట్టుకునే ఇంటిదారి పట్టాడు. ఉక్కపోతంటూ సారక్క అరుగు మీద పడుకోవడం మొదలుపెట్టి ఎన్నేళ్లయింది? చలికాలం కూడా లోపలికి రాలేదే!

ఇంటికొచ్చేసరికి ఆమె అరుగు మీద చిక్కుడుకాయలు తుంచుతోంది. ఫ్లాస్కు పక్కన పెట్టి, గోలీల సంచి విప్పి, గోడను చూస్తూ అంతా ఒక్క గుక్కలో చెప్పేశాడు.

సారక్క చేయి ఆగింది.

"గోలీల సంగతి ఎరికే. దేనికో నువ్వే జెప్తవని జూసిన. గీ ముక్క జెప్పనీకి పదేండ్లు గావాల్నా నీకు? నేనేమో మొకానికి పసుపు రాసుకునేందుకు గూడ సిగ్గువడితి."

ఆయన వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మూత చుట్టూ నిన్నటి నురుగు ఎండి అంటుకున్న రాజేందర్ ఫ్లాస్కు ఇద్దరి మధ్యా ఉంది.