తనను తానే పిలుచుకున్న బంట్రోతు

ఇరవై ఆరేళ్ళుగా ఆ కోర్టు వరండాలో పేర్లు పిలిచేది ఆయనే. బంట్రోతు గొంతెత్తాడంటే గేటు పక్కన టైపు కొట్టేవాళ్ళ చేతులు ఆగిపోయేవి. పిలిచి ఊరుకునేవాడా అంటే అదీ కాదు. వణుకుతూ వచ్చిన ప్రతి సాక్షికీ ఉచితంగా ఒక పాఠం చెప్పేవాడు. "గట్టిగా చెప్పు నాయనా, మేజిస్ట్రేటు అమ్మగారేం నిన్ను కొరుక్కుతినరు. అడిగినదానికే జవాబు. నీ రామాయణమంతా విప్పకు."

అలాంటివాడి సైకిలు కోర్టు ఆవరణలోనే పోయింది. అదీ పట్టపగలు, ఆయన లోపల "నిశ్శబ్దం!" అని అరుస్తుండగా.

నాలుగో రోజుకే సైకిలుతో సహా దొంగ దొరికాడు. అందరూ అతన్ని స్పానరు అంటారు. పాత సైకిలు కంటపడితే అతని చెయ్యి ఊరుకోదు. ఏడాదికి రెండుసార్లయినా బంట్రోతు చేత పిలిపించుకునే పాత పరిచయస్తుడే. జామీను ఉండేవాళ్ళు లేక రిమాండు ఖైదీగా జైల్లో ఉన్నాడు.

విచారణ రోజున బంట్రోతు భార్య ఇస్త్రీ చొక్కా చేతికిస్తూ, "ఇవాళైనా మీరు చెప్పేది నలుగురూ వింటారు. ఇంట్లోలా నీళ్ళు నమలకండి," అని సాగనంపింది.

"మొదటి సాక్షిని పిలవండి," అన్నారు మేజిస్ట్రేటమ్మ.

గుమస్తా ఇచ్చిన చీటీలో తన పేరే ఉంది. బంట్రోతు బిక్కమొహం వేశాడు. "ఇంకెవరైనా పిలవకూడదా అండీ?"

"నీ అంత గొంతు ఇక్కడెవరికుందయ్యా? కానీ," అన్నాడు గుమస్తా, నవ్వు మీసాల్లో దాచుకుంటూ.

చేసేదిలేక వరండాలోకి వెళ్ళాడు. తన పేరూ, తండ్రి పేరూ కలిపి మూడుసార్లు తనే పిలిచాడు. టైపు మిషన్ల దగ్గర ఒక్కసారిగా నవ్వులు పేలాయి. "వచ్చానండీ," అని తనకు తానే గొణుక్కుంటూ లోపలికొచ్చి, కంగారులో తిన్నగా ముద్దాయి బోనెక్కేశాడు.

స్పానరు మర్యాదగా పక్కకు జరిగి, "ఇది నాది బాబాయ్. మీది అదిగో, ఆ ఎదురుది," అన్నాడు.

సాక్షి బోనెక్కేసరికి ఆ గొంతు ఎటుపోయిందో తెలియదు. "గట్టిగా చెప్పండి," అని మేజిస్ట్రేటమ్మ రెండుసార్లు అనాల్సొచ్చింది. సర్కారు ప్లీడరు ఎలాగో నాలుగు మాటలు రాబట్టి కూర్చున్నాడు. ముద్దాయి తరఫు లాయరమ్మ లేచింది.

"ఇలాంటి నల్ల సైకిళ్ళు ఊళ్ళో వెయ్యి ఉంటాయి. ఇది మీదేనని గుర్తేమిటి?"

"గంట మోగదండీ. తొమ్మిదేళ్ళుగా నోటితోనే అరుచుకుంటూ తొక్కుతున్నాను."

పోలీసులు సాక్ష్యంగా తెచ్చి నిలబెట్టిన సైకిలు దగ్గరికెళ్ళి లాయరమ్మ గంట నొక్కింది. ట్రింగుమని హాలంతా మోగింది.

"అయితే ఇది మీది కాదన్నమాట," అని తాపీగా కూర్చుంది. బంట్రోతు మొహం తెల్లబోయింది. ఇన్నేళ్ళ సర్వీసులో తనే అబద్ధపు సాక్షిలా నిలబడ్డాడు.

అప్పుడు ఎదురు బోనులోంచి, "ఆయన చెప్పింది నిజమేనమ్మా," అన్నాడు స్పానరు. "స్ప్రింగు తుప్పట్టిపోతే నేనే మార్చాను. వెనక బ్రేకు కూడా బిగించాను. అంత అధ్వాన్నపు బండిని ఎలా తొక్కాడో ఏమో!"

లాయరమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. మేజిస్ట్రేటమ్మ కళ్ళజోడు తీసి, "ఏమన్నావో తెలుస్తోందా? తొందరేం లేదు, మీ లాయరుతో మాట్లాడుకుని చెప్పు," అన్నారు. మాట్లాడుకున్నాడు. మధ్యాహ్నం నేరం ఒప్పుకున్నాడు. మూడు నెలలు శిక్ష పడింది. రిమాండులో గడిపిన నలభై రోజులూ అందులోంచి తీసేశారు.

సాయంత్రం జైలు వ్యాను దగ్గరికి బంట్రోతు ఆపసోపాలు పడుతూ వచ్చాడు. "ఒరేయ్, గెలిచే కేసు కదరా. ఎందుకు నోరు విప్పావు?"

"మీరు అబద్ధాలకోరు అనిపించుకుంటుంటే చూడలేకపోయాను. అయినా అందులో నా స్వార్థమూ ఉందిలే బాబాయ్. లోపల మా రిమాండువాళ్ళకి సొంత బట్టలే గాని పని ఇవ్వరు. పొద్దస్తమానం గోడలు చూడాలి. బాకీ దావాల్లో వచ్చిన సివిలు ఖైదీలది వేరే గది. తాము నేరస్థులం కాదని మాతో పలకరు. ముందుజాగ్రత్తగా పట్టుకొచ్చినవాళ్ళు ఇంకో రకం, ఏమీ చెయ్యకుండానే వచ్చామని ఒకటే గొప్పలు. శిక్ష పడ్డవాళ్ళకే పని. రిపేరు షెడ్డు కూడా ఉంది!"

"అంటే నీకిది ప్రమోషనన్నమాట."

"కాదా మరి?"

కాపలా కానిస్టేబులు కిసుక్కున నవ్వాడు. బంట్రోతుకు మాత్రం నవ్వు రాలేదు. "బయటికొచ్చాక ఇంకొకరి సైకిలు ముట్టుకుంటే ఊరుకోను. కావాలంటే నోరు తెరిచి అడుగు."

"అడిగితే మీది ఇస్తారా?"

బంట్రోతు తల అడ్డంగా ఊపాడు. "ఇవ్వను. ముందు చక్రం వంకర పోయింది, అది సరిచెయ్యడానికైతే ఇస్తాను."

"అది నేనూ చూశాను. టైము చాల్లేదు," అన్నాడు స్పానరు నొచ్చుకుంటూ.

వ్యాను కదిలింది. ఊచల్లోంచి స్పానరు చెయ్యి ఊపాడు. బంట్రోతు అటూ ఇటూ చూసి, కోర్టువాళ్ళెవరూ లేరని రూఢి చేసుకుని, తనూ ఊపాడు.