బైండింగ్ త్రినాధరావు

మైదాపిండి జిగురు బుడగలు వేస్తుండగా త్రినాధరావు అందులో చిటికెడు మైలుతుత్తం వేసి పుల్లతో కలియతిప్పాడు. అది వెయ్యకపోతే అనకాపల్లి చీమలు ఏ పుస్తకాన్నీ బతకనివ్వవు. బెల్లం తిని పెరిగిన చీమలాయె, లా పుస్తకమని మొహమాటపడతాయా. గిన్నె దించి, గుమ్మంలో ముడుచుకు కూర్చున్న కొండతల్లి వైపు చూశాడు.

"ఇంకెంతసేపు బాబూ?" మళ్ళీ అడిగిందామె.

"జిగురుకి తొందర సెప్పకూడదమ్మా. కూకో."

కొండతల్లిది రావికమతం అవతల కొండవాలు పల్లె. మొగుడు పోతన్న చచ్చిపోయాక, మరిది ఆమెకు చెప్పకుండా ఆమె జీడితోటని ఓ షావుకారుకి అమ్మేశాడు. పరాయివాళ్ళొచ్చి జీడిపిక్కలు ఏరుకుపోతుంటే ఆమె కొన్నేళ్ళు నోరెత్తలేదు. ఒంటరి ఆడది ఎవరి మీదకని వెళ్తుంది. ఇప్పుడు కోర్టుకెక్కితే, అన్నేళ్ళు ఊరుకున్నావంటే ఒప్పుకున్నట్టే కదా అంటున్నాడు షావుకారు. ఊరుకుంటే ఒప్పుకున్నట్టు కాదని, పూడిమడక బుల్లమ్మ ఇంటిస్థలం తగువులో హైకోర్టు ఎప్పుడో చెప్పింది. ఆ తీర్పు అచ్చైన లా పత్రిక సంచిక, మిగతా నెలల సంచికలతో కలిసి, బైండింగు కోసం త్రినాధరావు దగ్గరుంది. ఊళ్ళో మరో కాపీ లేదు. వాయిదా ఇవాళే. పుస్తకం అందకపోతే తోట పోయినట్టే. అందుకే వకీలు మల్లేశ్వరరావు కొండతల్లిని ఇక్కడ కూర్చోబెట్టి వెళ్ళాడు.

త్రినాధరావు అరవై దగ్గర పడిన మనిషి. ఏళ్ళ తరబడి ఒంగి కుట్టడంతో మెడ ముందుకు వంగిపోయి, నిలబడ్డా ఏదో వెతుక్కుంటున్నట్టే ఉంటాడు. విరిగిన కళ్ళజోడు కాడని పుస్తకాలు కుట్టే దారంతోనే కట్టుకున్నాడు. గోళ్ళ చుట్టూ జిగురు తెల్లగా పెచ్చుగట్టి ఉంటుంది, అన్నం తినేటప్పుడు కూడా పూర్తిగా వదలదు. ఇంగ్లీషు చదవడం రాదు. అంకెలు చూసి వరస పెడతాడు. ఇన్నేళ్ళలో ఒక్క కాగితం కూడా తలకిందులుగా పడలేదు, అదొక్కటే అతని గర్వం.

ఊళ్ళో అతనికో పేరుంది, దాని వెనక ఓ కథ కూడా ఉంది. కుర్రతనంలో ఒకసారి కోర్టుకి పుస్తకాలు మోసుకెళ్ళి వెనక నించున్నాడు. ఒక ప్లీడరు అతను కొత్తగా కట్టిన పుస్తకాన్నే చూపించి, "ఇది బైండింగ్ కాదు" అన్నాడు. త్రినాధరావుకి ఒళ్ళు మండింది. "నిన్ననే కట్టేనండి బాబూ. లాగి సూడండి, ఒక్క కాగితం ఊడదు" అని గట్టిగా అనేశాడు. జడ్జిగారు కూడా నవ్వాపుకోలేకపోయారు. అప్పటినుంచి అతను బైండింగ్ త్రినాధరావు. ఆ సాయంత్రం మల్లేశ్వరరావు పిలిచి టీ ఇప్పించి విడమరిచి చెప్పాడు. పై కోర్టు ఒక తగువులో చెప్పిన మాటకి, అలాంటి తగువే వస్తే కింది కోర్టు కట్టుబడాలి. అదీ బైండింగంటే. ఇంగ్లీషువాళ్ళు పెట్టిపోయిన పద్ధతి. నిన్న ఒకడికో న్యాయం, ఇవాళ ఇంకొకడికో న్యాయం అంటే కోర్టు గడప ఎవడు తొక్కుతాడు. త్రినాధరావుకి ఆ మాట తెగ నచ్చింది. తన పనీ, జడ్జిల పనీ ఒకటేనని తేలడం అతనికి చాలా సంతోషమనిపించింది.

మల్లేశ్వరరావు స్కూటరు కొట్టు ముందు ఆగింది.

"అట్ట లేకపోయినా పర్లేదు, ఇచ్చెయ్యి త్రినాధరావ్. టైమైపోతోంది."

"జడ్జిగారి సేతికి బట్టకట్టని పుస్తకం ఇత్తామేటండీ? పరువు తక్కువ. మీరు పదండి, నే తెత్తాను."

వకీలు నవ్వేసి వెళ్ళిపోయాడు. త్రినాధరావు అట్టలకి తొడిగే ఎర్రటి కాలికో గుడ్డని నేల మీద పరిచి, జిగురు పూసి, అట్టలు రెండూ పెట్టి, అంచులు లోపలికి మడిచి, కుట్టిన పుస్తకాన్ని అందులో అతికించాడు. తడిసిన ఎర్రగుడ్డ మీద అరచేత్తో మధ్యనుంచి చివరలకి రాశాడు. పసిబిడ్డకి నూనె రాసినట్టు మెల్లగా రాశాడు.

"అందులో బుల్లమ్మ ఎక్కడుంది బాబూ?" కొండతల్లి దగ్గరకొచ్చింది.

వకీలు చీటీ పెట్టిన చోట తెరిచి చూపించాడు. ఆమె ఆ అక్షరాల మీద వేలు పెట్టి, తీసేసింది.

"ఇదేనా ఆయమ్మ పేరు?"

"నాకూ ఇంగిలీసు రాదమ్మా. సీటీ ఉంది కదా, ఇక్కడే ఎక్కడో ఉంటాది."

"నేనెవర్నో ఆయమ్మకి తెలీదు. నాకెందుకు సాయం సేత్తాది?"

"సెయ్యక తప్పదు. ఆవిడికి పై కోర్టోళ్ళు మాట సెప్పీసేరు. ఇపుడదే తగువు నీకొచ్చింది. ఈ జడ్జిగారు ఆ మాట దాటకూడదు. అదే బైండింగంటే." వకీలు తనకి చెప్పినదాన్ని మరొకరికి చెప్పే అవకాశం రావడంతో త్రినాధరావు గొంతు కాస్త పెద్దదైంది. కొండతల్లి ముఖం తేటపడింది.

జిగురింకా పచ్చిగానే ఉంది. పుస్తకాన్ని రెండు చెక్కల మధ్య పెట్టి తాడుతో బిగించి, చంకలో ఇరికించుకుని, త్రినాధరావు ముందు నడిచాడు. కొండతల్లి వెనకే నడిచింది.

కోర్టు హాల్లో తాడు విప్పి పుస్తకం వకీలు చేతిలో పెట్టి, వెనక బెంచీ మీద కూర్చున్నాడు. మల్లేశ్వరరావు బుల్లమ్మ కేసు చదివి వినిపించి, పుస్తకం పైకి అందించాడు. షావుకారు తరఫు ప్లీడరు లేచాడు.

"బుల్లమ్మ ఏడాది లోపలే కోర్టుకొచ్చిందండీ. ఈవిడ ఏళ్ళ తరబడి ఊరుకుంది. ఆ కేసు వేరు, ఈ కేసు వేరు. కాబట్టి ఇది బైండింగ్ కాదు."

కోర్టు మొత్తం తలలు తిప్పి వెనక బెంచీ వైపు చూసింది. ప్లీడర్లు నవ్వారు. ఆ కథ ఎవరు చెప్పారో ఏమో, జడ్జిగారు కూడా కళ్ళజోడు మీదుగా చూశారు. త్రినాధరావు సిగ్గుపడి తల దించుకున్నాడు, అయినా నవ్వు ఆగలేదు. కొండతల్లి మాత్రం నవ్వలేదు. బెంచీ అంచుని రెండు చేతులా పట్టుకుని, పుస్తకం పేజీలు తిప్పుతున్న జడ్జిగారినే చూస్తోంది.

"ఏడాదైనా, ఏళ్ళయినా, ఊరుకోవడం ఊరుకోవడమే," అన్నారు జడ్జిగారు చివరికి. "ఏళ్ళ లెక్క మీద హైకోర్టు ఆ మాట చెప్పలేదు. దానికి నేను కట్టుబడాలి. తీర్పు రాస్తాను, పుస్తకం ఇక్కడుంచండి."

"ఏటన్నారు బాబూ?" కొండతల్లి అతని వైపు తిరిగింది.

"కట్టు నిలిసిందమ్మా. తోట నీదే," అన్నాడు త్రినాధరావు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అతనికీ కళ్ళు చెమర్చాయి.

ఇంటికొచ్చి తృప్తిగా అన్నం తిన్నాడు. భార్య వరహాలక్ష్మికి జరిగిందంతా చెప్పాడు. కోర్టంతా తన వైపు తిరిగి చూసిన ముక్క మళ్ళీ మళ్ళీ చెప్పాడు. తర్వాత కొట్లో చాప మీద నడుం వాల్చాడు. టీ తెచ్చిన వరహాలక్ష్మి, నిద్రపోతున్నాడు కదా అని గ్లాసు మీద మూత పెట్టి వెళ్ళింది. మళ్ళీ వచ్చి భుజం తట్టినప్పుడు తెలిసింది, ఊపిరి లేదని. ముఖంలో ఏ బాధా లేదు.

తీర్పు కొండతల్లి పక్షానే వచ్చింది. పుస్తకం మల్లేశ్వరరావు ఆఫీసుకి తిరిగొచ్చిన రోజు ఆమె అక్కడే ఉంది. చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఒకచోట మరకలా కనిపిస్తే కొంగు తీసి తుడవబోయింది.

"ఉండనీ అమ్మా," అన్నాడు వకీలు.

వెనకట్ట కింది మూల, ఎర్రటి కాలికో మీద, జిగురులో ఎండిపోయిన బొటనవేలి ముద్ర గీత గీతా విడిగా కనిపిస్తోంది.