అత్తాకోడళ్ళ లెక్కల క్లాసు

కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే ఆ కోడలికి ఇంజనీరింగ్ చదవాలని ఎప్పటినుంచో కోరిక. అందుకు కాలిక్యులస్ రావాలి. ఆ క్లాసులోకి రానివ్వాలంటే ముందు ఆల్జీబ్రా, ట్రిగొనామెట్రీ గట్టెక్కాలి. బడి మానేసి ఏళ్ళు గడిచిన ఆమెకు ఆ పేర్లు వింటేనే గుండె గుభేలుమనేది. సాయంకాలం కాలేజీలో చేరదామని బయల్దేరి, గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేసింది. ఒకసారి కాదు, రెండుసార్లు.

మూడోసారి వెంట అత్తయ్య బయల్దేరింది. బస్సుల డిపోలో టికెట్లిచ్చే కిటికీ వెనక ఉద్యోగమంతా గడిపి రిటైరైన మనిషి. కిటికీ ముందు ఒకరు తటపటాయిస్తే వెనక వరసంతా ఆగిపోతుందని ఆమెకు బాగా తెలుసు. కోడలికి తోడుగా క్లాసులో కూర్చుంటానంటే కాలేజీ వాళ్ళు కుదరదన్నారు, చేరినవాళ్ళకే చోటన్నారు.

"అయితే నన్నూ చేర్చుకోండి" అంది అత్తయ్య, ఇంకో టీ ఇమ్మన్నంత తేలిగ్గా.

ఇద్దరూ ముందు బెంచీలో కూర్చున్నారు. పాఠం చెప్పే లెక్చరర్ అత్తయ్య కొడుకు కన్నా చిన్నవాడు. మొదట్లో ఆమె నోరుజారి "నాయనా" అని పిలిచేది, వెంటనే నాలిక్కరుచుకుని "సార్" అనేది. ఆల్జీబ్రా ఆమెకు ఇట్టే పట్టుబడింది. సమీకరణంలో ఇటువైపు ఏం చేస్తే అటువైపూ అదే చెయ్యాలన్న మాట ఆమెకు తెగ నచ్చేసింది. ఇంత న్యాయం తను ఏ ఆఫీసులోనూ చూడలేదని ఇంటికొచ్చి కొడుకుతో చెప్పింది.

కోడలికి మాత్రం ఎక్స్‌ని ఇటు నుంచి అటు పంపేసరికి గుర్తులు తారుమారయ్యేవి. భోజనాలయ్యాక బల్లమీద గిన్నెలు పక్కకి జరిపి అత్తయ్య ఎదురుగా కూర్చునేది. "ఆ మైనస్సుని ఎక్కడ పారేసుకున్నావే తల్లీ?" అని అడిగేది, తాళంచెవి పోగొట్టుకున్న పిల్లని అడిగినట్టు. ఇద్దరూ కలిసి పై వరసనుంచి వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. మొదటి పరీక్షలో అత్తయ్యకి క్లాసులోకెల్లా ఎక్కువ మార్కులొచ్చాయి. కోడలు ఎలాగో గట్టెక్కింది. బస్సులో ఆమె మూతి ముడుచుకుని కూర్చుంటే, అత్తయ్య తన పేపరు మడిచి సంచి అడుక్కి తోసేసింది.

ట్రిగొనామెట్రీ మొదలయ్యాక వ్యవహారం తిరగబడింది. రోజంతా గుండ్రటి అద్దాల్ని కోణాలు చూసుకుని తిప్పే కోడలికి అది చుట్టంలా అనిపించింది. అత్తయ్యకి లంబకోణ త్రిభుజాల దాకా బాగానే నడిచింది. ఒకరోజు లెక్చరర్ నూట ఇరవై డిగ్రీల సైన్ కనుక్కోమనగానే ఆమె పెన్ను కింద పెట్టేసింది. త్రిభుజంలో తొంభై డిగ్రీల మూల ఒకటుండగా నూట ఇరవై ఎక్కడ ఇముడుతుందని అడిగింది. ఆయన బోర్డు మీద వృత్తం గీసి చెప్పాడు, మళ్ళీ చెప్పాడు. ఆమె తలకెక్కలేదు.

ఇంటికొచ్చి పుస్తకం మూసేసింది. తనొచ్చింది తోడుకే కదా, రేపట్నుంచి వరండాలో కూర్చుంటానంది. అత్తగారి మాటకి ఏనాడూ ఎదురు చెప్పని కోడలు ఆమె చెయ్యి పట్టుకుంది.

"లేవండి అత్తయ్యా. కుడిచెయ్యి పక్కకి చాపండి. అది సున్నా డిగ్రీలు. ఎడమచెయ్యి చాపితే నూట ఎనభై. మీ చెయ్యి పొడవు ఒకటి అనుకోండి."

అత్తయ్య అయిష్టంగానే చేతులు చాపింది. కోడలు కుడిచేతిని అరవై డిగ్రీలకి ఎత్తించి, ఎడమచేతినీ సరిగ్గా అంతే ఎత్తించింది. "కుడిపక్క నుంచి కొలుచుకుంటూ వస్తే, ఎడమచెయ్యి నూట ఇరవై దగ్గరుంది."

అత్తయ్య అటూ ఇటూ చూసుకుంది. "రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయి."

"భుజం మీద నుంచి ఆ ఎత్తే సైన్. పక్కకి ఎంత దూరం వెళ్ళిందో అది కొసైన్. కుడికైతే ప్లస్సు, ఎడమకైతే మైనస్సు."

అప్పుడే పని నుంచి వచ్చిన కొడుకు గుమ్మంలో ఆగిపోయి, అమ్మ చేత చేతులెందుకు ఎత్తించావని పెళ్ళాన్ని అడిగాడు.

"నువ్వాగరా, నూట ఇరవై దగ్గరున్నాను" అంది అత్తయ్య, చేతులు దించకుండా.

ఆఖరి పరీక్షలో ఆమె అలాగే చేతులెత్తి లెక్క చూసుకుంటుంటే, ఇంకో కాగితం కావాలేమోనని పర్యవేక్షకురాలు పరుగెత్తుకొచ్చింది. ఇద్దరూ పాసయ్యారు. ఈసారి కోడలికే నాలుగు మార్కులు ఎక్కువ. ఆ మాట వీధిలో కనబడ్డ ప్రతివాళ్ళకీ చెప్పింది మాత్రం అత్తయ్యే.

కోడలికి లోపల ఒక బరువుండేది. తన పిరికితనం వల్ల పెద్దావిడని ఇన్నాళ్ళు తిప్పానని. ఇక మీరు విశ్రాంతి తీసుకోండి అత్తయ్యా, కాలిక్యులస్‌కి నేనొక్కదాన్నే వెళ్ళగలనని చెప్పింది. అత్తయ్య మొహం వాడిపోయింది. కాసేపు పైట కొంగు సర్దుకుంది.

"మొదటివారం నీకోసం వచ్చాను, నిజమే. తర్వాత నాకోసమే వచ్చాను. ఇన్నాళ్ళూ నీ పేరు చెప్పుకుని చదువుకుంటున్నాను."

కోడలికి ముందు నవ్వొచ్చింది, ఆ వెంటే కళ్ళు చెమర్చాయి. మర్నాడే వెళ్ళి ఇద్దరి పేర్లూ రాయించింది.

కాలిక్యులస్ మొదటిరోజు కొత్త లెక్చరర్ వచ్చి, బోర్డు నిండా రాసి, చెరిపి, మళ్ళీ రాసింది. అత్తయ్య మెల్లగా కోడలి వైపు ఒరిగింది.

"నీకేమైనా అర్థమైందా?"

"లేదత్తయ్యా."

"హమ్మయ్య" అని అత్తయ్య పెన్ను తీసి, బోర్డు మీదున్నదంతా పై వరస నుంచి నోటుపుస్తకంలోకి ఎక్కించుకోసాగింది.