టిల్లీ సీసాలో చిక్కని పాలు

నేను చిక్కబరచలేని ద్రవం ఈ న్యూఫౌండ్‌లాండ్ తీరంలో లేదు. చేపల ఓడ మీద వంటవాడిగా బతుకంతా గడిపాను. నా బఠాణీ సూపులో గరిటె నిలబెడితే తుఫానులో ఓడ ఒరిగేది గానీ గరిటె ఒరిగేది కాదు. ఒకసారి ఓడ అడుగున చిల్లు పడితే నా గ్రేవీతో పూడ్చి రేవుకి చేరాం. ఈ సంగతి మా ఊళ్లో నమ్మనివాళ్లు ఇద్దరే. ఆ ఇద్దరూ ఆ రోజు ఓడలో ఉన్నవాళ్లే.

అలాంటి నేను ఉండగా, నా మనవరాలు రోండా తన పసిబిడ్డ పాలు చిక్కబరచడానికి ఆసుపత్రి నుంచి పొడి డబ్బా తెచ్చుకుందని విని, పిలవకుండానే వెళ్లాను. మా ఊళ్లో తలుపు తట్టేది పరాయివాళ్లే. మిగతావాళ్లం నేరుగా వంటింట్లోకి నడుస్తాం.

బిడ్డ పేరు టిల్లీ. నిండు నెలల పిల్లే, బొద్దుగానే ఉండేది. కానీ పాలు గొంతులో పడితే చాలు, పొలమారి ముఖం కందిపోయేది. కడుపులోకి పోవలసిన పాలు ఊపిరి దారిలోకి జారేవి. అందుకని పుట్టినప్పటి నుంచీ పాలు పట్టేందుకు ముక్కులోంచి కడుపులోకి ఒక సన్నని గొట్టం, దాన్ని పట్టి ఉంచేందుకు బుగ్గ మీద అంటుపట్టీ. ఆసుపత్రిలో ఎక్స్‌రే కింద మింగించి చూసి, పాలు కాస్త చిక్కగా ఉంటే ఈ పిల్ల క్షేమంగా మింగుతుందని తేల్చారు. కొన్ని వారాలు అక్కడే కొంచెం కొంచెంగా అలవాటు చేశారు. మింగడం నేర్పే థెరపిస్టు మార్గరీట్ ఆ రోజు ఇంటికి వచ్చింది. తన ఎదుట టిల్లీ సీసాడు పాలూ పొలమారకుండా తాగితే గొట్టం తీసేస్తుంది. లేకపోతే మళ్లీ ఎన్నాళ్లో.

"ఈ డబ్బా ఎందుకే రోండా? పిల్లల బియ్యప్పిండి ఉందిగా. చిటికెలో చిక్కగా చేసిస్తా," అన్నాను.

"వద్దు తాతా. నువ్వు సీసా ముట్టుకున్నావంటే ఊరుకోను."

నా భార్యకి అక్క డోర్కస్ అప్పటికే బల్ల దగ్గర కూర్చుని టీ తాగుతోంది. "ముట్టుకోనియ్యవే. పాలని కూడా జిగురు చేసి పడవలకి పూస్తాడు," అంది.

"నా గ్రేవీ కోసం నువ్వు గిన్నె నాకలేదా వదినా?"

"నాకలేదయ్యా, అంటుకుపోతే గీకాను."

మార్గరీట్ నవ్వి, "పొద్దున మిగిలిన తల్లిపాలున్నాయి కదా, ఎలాగూ సింకులో పోసేవే. వాటితో చెయ్యనివ్వండి. పాపకి మాత్రం పట్టం," అంది.

గిన్నెలో పాలు పోసి, పిండి వేసి తిప్పాను. ముద్దలా వచ్చింది. చెంచా నిలబెట్టాను, నిలబడింది. చేతులు కట్టుకుని అందరి వైపూ తిరిగి, తుఫానూ గరిటే కథ ఎత్తుకున్నాను. కథలో ఓడ ఇంకా ఒరగనైనా లేదు, డోర్కస్ టీకప్పు దించింది.

"లియాండర్, నీ చెంచా పడుకుంది."

తిరిగి చూస్తే నిజమే. ముద్ద నీళ్లలా జారిపోయి చెంచా గిన్నె అంచుకి ఒరిగింది. ఇంకాస్త పిండి వేశాను. గట్టిపడింది, మళ్లీ జారింది. రోండా కడుపు పట్టుకుని నవ్వుతోంది. ఓడలో ఎంతమంది కెప్టెన్లు తిట్టినా చెమర్చని నా నుదురు చెమర్చింది.

"తల్లిపాలల్లోనే పిండిని అరిగించే గుణం ఉంది పెద్దాయనా," అంది మార్గరీట్. "కలిపినప్పుడు చిక్కగా కనిపిస్తుంది. సీసా సగమయ్యేసరికి పలచనైపోతుంది. అమ్మేమో చిక్కగానే ఉందనుకుని పడుతూ ఉంటుంది. పొలమారేది అప్పుడే."

ఆ గిన్నెని నేనే తీసుకెళ్లి సింకులో పోశాను.

"మరి నీ పొడి?"

"ఇది ఒక చెట్టు గింజల జిగురు. పాలు దీన్ని అరిగించలేవు. అయినా ఇది అందరు పిల్లలకీ కాదు. నెలలు నిండకుండా పుట్టినవాళ్లకి ఇలాంటి పొడులతో పేగులకి ప్రమాదం రావచ్చు. టిల్లీని చూసి డాక్టరు రాసిచ్చారు, కొలత కూడా టిల్లీదే. పక్కింటి పాపకి అరువిచ్చేది కాదు."

రోండా గోరువెచ్చని పాలలో పొడి కొలిచి వేసింది. డబ్బాలోని చెంచా నిండాక కత్తి వెనకతో చదును చేసింది. కలిపి, చిక్కబడేదాకా ఆగింది. చిక్కదనం సరిపోయిందో లేదో తేల్చడానికి, కింద వేలు అడ్డం పెట్టిన సిరంజిలో కాసిని పోసి, వేలు తీసి, ఎంత జారిందో చూసింది. మార్గరీట్ తల ఊపింది.

"ఇక ఎవరూ మాట్లాడొద్దు. మాట వింటే పాప అటు తిరుగుతుంది, గుటక తప్పుతుంది."

ఎవరూ బతిమాలకుండానే నేను నోరు కట్టేసుకున్నాను. ముసలాడి నిగ్రహం అంటే అదీ.

టిల్లీ సీసా పీకని నోట పట్టుకుంది. చప్పరించింది, మింగింది, ఊపిరి తీసుకుంది. మార్గరీట్ పిల్ల గొంతు దగ్గర చెవి పెట్టి వింటోంది. రోండా పెదవులు టిల్లీతో పాటే కదులుతున్నాయి. సగానికి వచ్చేసరికి పిల్ల ఆగింది. కనుబొమ్మలు ముడిపడ్డాయి. రోండా సీసా కాస్త వంచి ఆగింది. టిల్లీ ఆవులించి, మళ్లీ అందుకుంది. సీసా ఖాళీ అయ్యింది. దగ్గు లేదు, గొంతులో గురగుర లేదు. భుజాన వేసుకుని నిమిరితే ఒక త్రేన్పు వచ్చింది చూడండి, రేవులో కట్టేసిన పడవలు ఊగాయి.

మార్గరీట్ అంటుపట్టీ తడిపి మెల్లగా ఊడదీసి గొట్టం లాగేసింది. టిల్లీ ఒక్క తుమ్ము తుమ్మింది. అడ్డేమీ లేని ఆ ముఖాన్ని మేం చూడడం అదే మొదలు. రోండా పట్టీ ఊడిన ఆ బుగ్గనే మళ్లీ మళ్లీ ముద్దు పెట్టుకుంది.

"అయ్యో పాపం," అంది డోర్కస్ దగ్గరికి వంగి, "ముక్కు లియాండర్‌దే."

రోండా మొగుడు క్లైడ్ గూట్లోంచి అకార్డియన్ దింపి వాయించాడు. వంటింట్లో నేల అదిరింది. మార్గరీట్ కూడా కోటు విప్పి ఒక చిందేసింది.

ఇందులో ఒక్కటి నేను కల్పించాను. త్రేన్పుకి పడవలు ఊగడం కాదు, అది నిజం. నా అంతట నేనే నోరు కట్టేసుకోవడం అబద్ధం. రెండో గుటకకే "శభాష్" అనబోయాను. డోర్కస్ నా నోట్లో బెల్లపు రొట్టె ముక్క కుక్కింది.