దిగనన్న తెర

ఆఖరి గంట కొట్టగానే నాటక సంఘం ఆడపిల్లలు బెంచీలు గోడకి జరిపి, వేదిక ఊడ్చి, రిహార్సల్ మొదలుపెట్టేవాళ్ళు. ఈ ఏడాది నాటకం, ఒకప్పుడు ఆ బడిలోనే చదువుకున్న కవయిత్రి జీవితం. వేదిక మీది తెర కూడా ఆవిడ పాత దుప్పట్లు కలిపి కుట్టి ఇచ్చిందే. దానికో పద్ధతుంది. వేదిక మీద ఎవరి గొంతులోనైనా చెప్పాల్సిన మాట మిగిలిపోతే అది దిగదు. కుట్టుపని టీచరు రిటైరైన రోజున "అందరికీ కృతజ్ఞతలు" అని ఊరుకుంటే ససేమిరా కదల్లేదు. ఆవిడ నిట్టూర్చి, కుర్చీ లాక్కుని, హెడ్మాస్టరు గురించి అరగంట మాట్లాడాకే జనం ఇళ్ళకి వెళ్ళారు.

అయినా హెడ్మాస్టరుకి బుద్ధి రాలేదు. మొగుడు తన కవితలు పొయ్యిలో పెట్టాడని కవయిత్రి ఇల్లు వదిలే దృశ్యం కొట్టేశాడు.

"తల్లిదండ్రులొస్తారమ్మా. మొగుడికి అన్నం వడ్డిస్తూ కవిత చదివినట్టు ముగించండి. నిండుగా ఉంటుంది."

"ఎవరికి సార్, మొగుడికా?" అంది కవయిత్రి వేషం కట్టే పిల్ల. అందరూ దాన్ని మిరపకాయ అంటారు.

ఆ నోరు ఇంట్లో మాత్రం లేవదు. ఈ పరీక్షలతో చదువు చాలు, మన లాండ్రీలో ఇస్త్రీకి మనిషి కావాలి అన్నాడు నాన్న. అన్నయ్యకి ఇస్త్రీపెట్టె బరువట. మిరపకాయ తలూపి ఊరుకుంది.

నాటకం రోజున నాన్న ముందు వరసలో కూర్చున్నాడు. కవయిత్రి వడ్డించింది. చప్పట్లు మోగాయి. బడి ఆయా తెర తాడు లాగింది. తెర కదల్లేదు.

"గట్టిగా లాగు!" అన్నాడు హెడ్మాస్టరు.

"నా చేతిలో ఏముంది సార్? కొట్టేసిందేదో ఆడించండి."

మిరపకాయ కంచం కింద పెట్టింది. "నా కవితలతో నీ అన్నం ఉడికింది. తిను. నేను వెళ్తున్నా." అట్టముక్కల గడప దాటింది.

తెర సగం దిగి ఆగింది.

"ఇంకా ఏదో ఉందమ్మాయ్," అంది ఆయా. "ఈసారి నీదే."

మిరపకాయ వంగి, తెర కింద నుంచి ముందు వరసకేసి చూసింది. "నాన్నా, నేను చదువు మానను. అన్నయ్యకీ చేతులున్నాయి."

నాన్న ఒక్క ఉదుటున వేదికెక్కి దాని జబ్బ పట్టుకున్నాడు. "నడు ఇంటికి!"

తెర ఉన్నచోటే ఉంది. ఆయా తాడు వదిలేసింది. "ఇప్పుడు మీ వంతయ్యా. మీరూ ఎక్కారుగా."

హాలంతా ఎదురుచూసింది. వెనక వరసలో అమ్మ తీరిగ్గా కాళ్ళు చాపుకుంది.

నాన్న చెమట తుడుచుకున్నాడు. పిల్ల జబ్బ వదిలాడు. "ఇంటికొచ్చిన కాగితమల్లా ఇదే చదివి చెబుతుంది నాకు. ఇంకా చదివితే... ఇక నా మాట వినదని భయం."

తెర మెల్లగా నేలకి దిగింది.

పై క్లాసులు మొదలైన రోజున మిరపకాయ మొదటి బెంచీలో కూర్చుంది. నాన్న మారిపోయాడని ఎవరైనా చెబితే నమ్మకండి. మొహం గంటు పెట్టుకునే ఉన్నాడు. ఆపలేదు, అంతే. లాండ్రీలో అన్నయ్య వేళ్ళు కాల్చుకుంటూ ఇస్త్రీ నేర్చుకుంటున్నాడు.