పదింటికి నాలుగు

మనిషిని చూస్తే బీరువా. గోడౌన్ తలుపులో పట్టాలంటే కాస్త పక్కకి తిరగాలి. అలాంటివాడికి లోపలేదో అరిగిపోతోందంటే ఎవరు నమ్ముతారు? కట్టుకున్న భార్యే నమ్మలేదు.

ఇరవై ఏళ్లుగా టైర్ల గోడౌన్‌లో సూపర్‌వైజరు. ఏ సైజు ఏ వరసలో ఉందో ఒకప్పుడు కళ్లు మూసుకుని చెప్పేవాడు. ఈమధ్య గోడ మీద సుద్దముక్కతో రాసుకుంటున్నాడు. రాసిన సంగతి మరిచిపోయి, గోడనిండా ఈ పిచ్చిరాతలేమిటని ఒకరోజు కూలీల మీద ఎగిరాడు. వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ చేతిరాత ఎవరిదో వాళ్లకి తెలుసు.

గోడౌన్‌లో అయితే నవ్వి ఊరుకున్నారు, ఇంట్లో అలా కుదరలేదు. కూతుర్ని బడి నుంచి తీసుకురావడం మూడుసార్లు మరిచిపోయాడు. మూడోసారి వాన. ఎనిమిదేళ్ల పిల్ల గేటు దగ్గర తడిసి ముద్దయి వణుకుతుంటే తల్లి వెళ్లి తెచ్చుకుంది. వచ్చేసరికి ఇతను టీవీ ముందు కూర్చుని, పాప నిద్రపోయిందా అని అడిగాడు. దున్నపోతు మీద వాన కురిసినట్టుందని ఆమె నోటికొచ్చినంతా తిట్టింది. తర్వాత నెమ్మదిగా అన్నదే ఇతన్ని భయపెట్టింది.

"జబ్బయితే చెప్పండి, చచ్చేదాకా మోస్తాను. నిర్లక్ష్యమైతే మాత్రం ఒకటో తారీకున పిల్లని తీసుకుని వెళ్లిపోతాను."

ఆమె రికార్డుల ఆఫీసులో గుమాస్తా. కాగితం మీద ఉన్నదే నమ్మే మనిషి. అన్నమాట మీద నిలబడే మనిషి కూడా. అందుకే ఇద్దరూ నరాల డాక్టరు దగ్గరికి వచ్చారు. నాకు జబ్బుందని తేలితే బాగుండునని కోరుకుంటూ ఆస్పత్రి మెట్లెక్కినవాడు ఇతనొక్కడే అయ్యుంటాడు.

జబ్బు ఎక్కడ మొదలైందో ఇతనికి తెలుసు. కాలేజీలో నాలుగేళ్లు రగ్బీ ఆడాడు. ఎనిమిదిమంది ఒకరినొకరు గట్టిగా పట్టుకుని, తలలు దించి, అవతలి ఎనిమిదిమందినీ నెట్టే ఆట. రెండో వరసలో ఇతనూ, నిచ్చెనా. ఆ పొడుగు చూసి జట్టు పెట్టిన పేరది. ఇద్దరి చెవులూ రాసుకుని రాసుకుని కాయలు కాచాయి. తన చెల్లెల్ని ఇతనికిచ్చి పెళ్లి చేసింది కూడా ఆ నిచ్చెనే. డిగ్రీతోపాటే ఆటా అయిపోయింది. బతికింది ఆ నాలుగేళ్లే, మిగతాదంతా టైర్లు సర్దడమే అనుకుంటూ ఉంటాడు.

సీజను మొదట్లో కాలేజీ డాక్టరు ఒక్కొక్కరికీ పది మాటలు చదివి వినిపించి, పావుగంటాగి అప్పజెప్పమనేవాడు. ఎన్ని చెబితే అన్ని మార్కులు. ఆటలో తలకి దెబ్బ తగిలితే మళ్లీ అదే పరీక్ష. మార్కులు తగ్గాయా, మూడు వారాలు బెంచీయే గతి. సీనియర్లు కిటుకు చెప్పారు. మొదటిరోజే మొద్దబ్బాయిలా ఉంటే, ఆ తర్వాత తగ్గడానికేమీ ఉండదు. పదీ నోట్లో ఆడుతున్నా ఇతను నాలుగే చెప్పాడు. పక్క కుర్చీలో నిచ్చెనా నాలుగే. బయటికొచ్చి పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నారు. ఆ నాలుగేళ్లలో తొమ్మిదిసార్లు తల అదిరింది. ఒకసారైతే ఎటు పరిగెత్తాలో తెలియక రెఫరీని అడిగాడు. తొమ్మిదిసార్లూ నాలుగు మాటలు చెప్పి మైదానంలోకి పోయాడు. ఎంత తెలివో చూడండి.

నరాల డాక్టరు పది మాటలు చదివింది. ఈసారి ఒళ్లంతా చెవులు చేసుకుని విన్నాడు. ఆ పరీక్షకి నిజాయితీగా కూర్చోవడం జీవితంలో ఇదే మొదలు. నది, తాళం, కుర్చీ, గుర్రం. అక్కడ ఆగిపోయాడు. చొక్కా వీపుకి అంటుకుంది. ఆవిడ ఓపిగ్గా చూసింది. ఐదోది రాలేదు.

కాలేజీ నుంచి తెప్పించిన ఫైలు తెరిచి, అప్పుడూ నాలుగే, ఇప్పుడూ నాలుగే అంది. స్కానింగులో తేడా ఏమీ లేదట. ఆట వల్ల తగ్గిందనడానికి ఆధారం లేదట. ఆరునెలలాగి రమ్మంది. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. ఇతను పాతికేళ్లు ముందుగానే తీసిపెట్టుకున్నాడు.

వరండాలో భార్య ఆ ఫైలు మీద తేదీ, ముద్ర, సంతకం వరసగా చూసింది.

"అయితే మీరు మొదట్నుంచీ ఇంతే."

కావాలనే తక్కువ చెప్పానని, అందరూ అలాగే చేసేవారని ఇతను గబగబా చెప్పుకొచ్చాడు. ఆఫీసు కిటికీ దగ్గర సాకులు చెప్పేవాళ్లని విన్నట్టు విందామె. సాక్ష్యం ఏముందని అడిగింది.

"ఉన్నాడు. నా పక్కనే కూర్చున్నాడు. వాడూ నాలుగే చెప్పాడు. ఫోన్ చేసి అడుగు."

"ఎవరు?"

నోరు తెరిచాడు. చెవికి చెవి రాసుకోవడం గుర్తుంది. ఆ నవ్వు గుర్తుంది. పేరు మాత్రం రాలేదు.

"పొడుగ్గా ఉంటాడు. మన పెళ్లికి కూడా వచ్చాడు. నీ వెనకాలే నిలబడి కళ్లు తుడుచుకుంటున్నాడు. నువ్వు చూసే ఉంటావు. నీకు తెలుసా వాడు?"

ఆమె ఫైలు మూసేసింది. మొహంలో కోపం ఎటు పోయిందో పోయింది. నమ్మిందని ఇతనికి అర్థమైంది. ఇంతదూరం వచ్చింది అందుకే. తీరా నమ్మాక, ఇంకొక్కసారి తిడితే బాగుండునని ప్రాణం కొట్టుకుంది. ఆమె తిట్టలేదు.

"తెలుసు" అంది. "తెలిసినవాడే."

చెయ్యి పట్టుకుని, మెట్లున్నాయి చూసుకోమని చెబుతూ, ఒక్కొక్క మెట్టే కిందికి దించింది.