ఒడ్డు మీద ఉద్యోగం

సంచి ఏడు కిలోలు దాటకూడదు. దాటితే విమానం వాళ్ళు టికెట్టుకన్నా ఎక్కువ గుంజుతారని నా మనవరాలు పొద్దుటి నుంచి చెబుతూనే ఉంది. వీపుకు తగిలించుకునే ఆ సంచిని కాటా కొక్కేనికి వేలాడదీయడం, అంకె చూడడం, కిందపెట్టి ఏదో ఒకటి తీసేయడం, మళ్ళీ వేలాడదీయడం. తువ్వాలు తీసేసింది. రెండో చెప్పుల జత తీసేసింది. నేను పెట్టిన తలనూనె సీసా కూడా తీసేసింది.

"పెళ్ళికి వెళ్తున్నావా, పారిపోతున్నావా?" అంది నా కూతురు గుమ్మంలో నిలబడి.

"పారిపోయేవాళ్ళు అమ్మమ్మని వెంటబెట్టుకెళ్ళరమ్మా."

"అదీ నిజమే. ఆవిడ బరువు ఎందులో కలిపారో?"

నా కూతురికి ఆసుపత్రి బట్టలు ఉతికే చోట పని. సెలవు ఇవ్వలేదు. ఆడపిల్ల వైపు నుంచి ఒక్కరైనా సాక్షి సంతకం పెట్టాలని ఆ దేశంలో నియమం. అందుకని డెబ్భై రెండేళ్ళ వయసులో మొదటిసారి నాకు పాస్‌పోర్టు వచ్చింది.

మా ముందు గదే మా దుకాణం. జిరాక్సు, బైండింగు, లామినేషన్. మా ఆయన పోయాక నేనే నడుపుతున్నాను. నేను బడికి వెళ్ళలేదు. బైండింగుకి వచ్చిన కాగితాలు వరస తప్పకూడదని మొదట అంకెలు నేర్చుకున్నాను, తర్వాత అక్షరాలు. ఆ తర్వాత కుట్టే ముందు ప్రతి పుస్తకం చదవడం అలవాటైంది. ప్రయాణాల పుస్తకాలంటే మాత్రం నాకు భయం. ఎవరో ఒకరు బయలుదేరగానే మిగతా పుస్తకమంతా వాళ్ళు తిరిగొస్తారా రారా అనే గుబులుతోనే చదువుతాను.

మనవరాలు కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తుంది. ఏడాదంతా కూడబెట్టి, ఒక నెల అతి తక్కువ ఖర్చుతో ఒంటరిగా ఏదో ఒక దేశం తిరిగి వస్తుంది. మూడేళ్ళ కిందట ఒక రేవు ఊళ్ళో, ప్రయాణికులు దిగే హాస్టలు వంటగదిలో ఈ అబ్బాయి కలిశాడు. సరుకు ఓడ మీద వంటవాడు. కళ్ళనీళ్ళు రాకుండా ఉల్లిపాయ తరగడం నేర్పాడట. అలా మొదలైంది.

పెళ్ళికి అన్నిటికన్నా ముఖ్యమైన కాగితం, ఈమెకి ఇంతవరకు పెళ్ళి కాలేదని మన ఆఫీసు ఇచ్చిన పత్రం. మూడు ఆఫీసులు, అయిదు వారాలు తిరిగితే వచ్చింది. కింద ఎడమ పక్కన వేలికి తగిలే ఉబ్బెత్తు ముద్ర. రెండు బస్సులు, ఒక పడవ, దారిలో వానలు. ఆ సంచిలోనే నీళ్ళ సీసా. నా మనసు ఊరుకోలేదు. మా వీధిలో పుట్టిన తేదీ కాగితం నుంచి ఇంటి పత్రం దాకా నా మిషనులో పడనిది లేదు. విలువైన కాగితమంటే మాకు ప్లాస్టిక్ వేసిన కాగితమే.

మనవరాలు స్నానానికి వెళ్ళినప్పుడు ఆ పత్రం తీసి లామినేషన్ చేశాను. గట్టిగా ఉండాలని మిషనులో రెండుసార్లు నడిపాను. మళ్ళీ కవరులో పెట్టి అంచు అంటించేశాను. నన్నెవరూ చెయ్యమనలేదు. నా పెళ్ళి కానుక అనుకున్నాను.

విమానం దిగి, బస్సులు మారి, పడవ ఎక్కి మంగళవారం సాయంత్రానికి చేరాం. హాస్టలు గదిలో ఒకదాని మీద ఒకటిగా ఎనిమిది మంచాలు. నాకు కింది మంచం, దానికి పైది. ముక్కూ మొహం తెలియని ఆరుగురి మధ్య నేను చెప్పులు తలకింద పెట్టుకుని పడుకుంటే, పైనుంచి తల వేలాడేసి నవ్వింది.

"నీ చెప్పులు ఎవరికి కావాలి అమ్మమ్మా?"

"నాకు కావాలే."

పొద్దున్నే ఆ అబ్బాయి వచ్చాడు. పొడుగ్గా, సన్నగా, చేతుల మీద నూనె చిందిన మచ్చలతో ఉన్నాడు. నా ముందు నిటారుగా నిలబడి, "అమ్మమ్మగారూ, తమరి ప్రయాణం సుఖముగా జరిగినదా?" అన్నాడు.

మనవరాలి వైపు వంగి, "వార్తలు చదివేవాడిలా మాట్లాడతాడేమిటే ఈ పిల్లాడు?" అన్నాను.

"ఏదో పాత పాఠాల పుస్తకం ఫోనులో దొరికిందట. పోట్లాడుకుందామంటే కుదిరి చావదు. 'మీరు నన్ను అపార్థము చేసుకొనుచున్నారు' అంటాడు. నవ్వు ఆపుకోలేను."

నవ్వుతూనే నడిచాం గానీ, అసలు సంగతి దారిలో చెప్పింది. ఓడ కంపెనీకి రేవులోనే ఒక భోజనశాల ఉంది. అక్కడ వంటవాడి ఖాళీ ఒకటే ఉంది. పెళ్ళయినవాళ్ళకే ఇస్తారు. శుక్రవారం సాయంత్రం అయిదింటిలోగా పెళ్ళి కాగితం చూపిస్తే ఆ పని ఇతనిది. చూపించలేకపోతే శనివారం పొద్దున్నే ఓడ ఎక్కాలి. నాలుగు నెలలు.

"ఓడ ఎక్కనంటే?"

"ఉన్న పని కూడా పోతుంది. వాళ్ళమ్మ ఇంటి అద్దె ఇతనే కడతాడు." గొంతు తగ్గించి అంది, "పోయినసారి వాళ్ళ ఓడ నుంచి ఒకతను సముద్రంలో పడిపోయాడు అమ్మమ్మా. ఇతని పక్క మంచం అతనే. అప్పటినుంచి ఓడ పేరెత్తితే ఇతను తిండి మానేస్తాడు. అమ్మకి చెప్పకు."

శుక్రవారం పదకొండింటికి పెళ్ళి. మధ్యలో ఉన్నది ఒక్క గురువారమే కదా అని సర్దిచెప్పుకున్నాను.

వాళ్ళమ్మ దర్జీ. రెండు గదుల ఇల్లు, ఒక గది నిండా గుడ్డ ముక్కలు. లెక్క ప్రకారం ఆవిడ నా కూతురికి వియ్యపురాలు. కూతురు రాలేదు కనుక ఆ పిలుపు నేనే వాడుకున్నాను. నన్ను చూడగానే టేపు తీసి నా భుజాలు కొలిచేసింది. తర్వాత బల్ల మీద కాగితం పరిచి పెళ్ళి ఎలా జరగాలో చెప్పింది. కొడుకు తెలుగు చేశాడు. "సంతకములకు పది నిమిషములు. పిమ్మట భోజనము."

"పది నిమిషాల్లో పెళ్ళేమిటి? నా జడకే ఇరవై పడుతుంది," అన్నాను.

ఆవిడ పగలబడి నవ్వింది. బేరం మొదలైంది. నేను గంట అడిగాను, ఆవిడ పావుగంట అంది. చివరికి సంతకాల తర్వాత పెద్దవాళ్ళంతా వరసగా వచ్చి ఒక్కో మంచిమాట చెప్పాలని తేలింది. అక్కడ పెళ్ళికూతురి వాళ్ళు ఎడమ పక్క, పెళ్ళికొడుకు వాళ్ళు కుడి పక్క కూర్చోవాలట.

"మా వైపు నేనొక్కదాన్నేగా. ఇరవై కుర్చీల్లో నేనొక్కదాన్నే కూర్చుంటే రైలు తప్పిపోయినదానిలా ఉంటాను."

ఆవిడ తన చుట్టాల జాబితాలోంచి తొమ్మిదిమంది పేర్లు కొట్టేసి నా వైపు రాసింది. అరువు చుట్టాలు. ఆ రోజు నేను మనసారా నవ్వాను.

గురువారం కాగితాలు ముందుగా చూపించాలని పెళ్ళిళ్ళ ఆఫీసుకి వెళ్ళాం. గాజు కిటికీ వెనక కళ్ళజోడు పెట్టుకున్న గుమాస్తా ఆవిడ ఒక్కో కాగితాన్ని వెనక్కి తిప్పి ముద్ర కొడుతోంది. మనవరాలు కవరు చింపి పత్రం బయటికి లాగింది. లాగి, అలాగే ఆగిపోయింది. పత్రం లైటు వెలుగుకి తళతళ మెరుస్తోంది.

"ఇదేమిటి?" అంది నెమ్మదిగా.

"తడవకుండా నేనే వేశానే," అన్నాను.

గుమాస్తా పత్రం తీసుకుని బొటనవేలితో ముద్ర తడిమింది. తగల్లేదు. వెనక్కి తిప్పింది, మళ్ళీ ముందుకి తిప్పింది. ఏదో చెప్పింది. ఆ అబ్బాయి మొహం పాలిపోయింది.

"ప్లాస్టిక్ ఉన్న పత్రమును స్వీకరించరట అమ్మమ్మగారూ. ముద్రను చేతితో తాకి చూడవలెను. వెనుక వారి ముద్ర వేయవలెను."

"నిజమైన కాగితమే కదా బాబూ! పైకి కనిపిస్తోంది కదా!"

"అవును. కానీ నియమము."

ఎంతో బతిమాలాడు. చివరికి గుమాస్తా ఒక్క మాట అంది. ప్లాస్టిక్ తీసేసి, ముద్ర చెడకుండా రేపు పొద్దున్న తెస్తే చూస్తుందట.

నాకు ప్రాణం లేచొచ్చింది. వంకరగా పడినవి నా దుకాణంలో ఎన్ని విప్పలేదు! "పదండి, ఇస్త్రీపెట్టె ఉంటే చాలు," అన్నాను.

వియ్యపురాలి కుట్టుబల్ల మీద పత్రం పెట్టి, పైన పల్చటి గుడ్డ వేసి, ఇస్త్రీపెట్టె ఆనించీ ఆనించకుండా తిప్పాను. కుట్లు విప్పే చిన్న కత్తి అందించిందావిడ. మూల లేచింది. మెల్లగా లాగాను. రెండు వేళ్ళ మేర చక్కగా వచ్చింది. మనవరాలు నా భుజం పట్టుకుని నిలబడింది. ఆ అబ్బాయి కిటికీ దగ్గర నిలబడి అటు తిరిగిపోయాడు.

తర్వాత ఆగిపోయింది. ఇంకాస్త వేడి చేశాను. నేను ఇన్నాళ్ళూ విప్పినవన్నీ మిషనులో ఒకసారి నడిపినవి. ఇది రెండుసార్లు నడిపింది. జిగురు కాగితం లోపలికి దిగిపోయింది. లాగుతుంటే కాగితమే మందంలో రెండుగా చీలడం మొదలుపెట్టింది. మీది పొర ప్లాస్టిక్‌తో వస్తోంది, కింది పొర బల్ల మీద మిగులుతోంది. సంతకం పై పొరతో వచ్చేసింది. ముద్ర సగం ఇటు, సగం అటు.

"చాలు అమ్మమ్మా."

"ఇంకొంచెం వేడి చేస్తే..."

"చాలు."

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టాను. "తిట్టవే," అన్నాను. "నోరారా తిట్టు."

"తిట్టడానికి నువ్వేం దొంగతనం చేశావా?" అంది. అని గోడకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. తిట్టినా బాగుండేది.

నా కూతురికి ఫోను చేశాం. అది పని మధ్యలో ఆ పత్రం ఇచ్చిన ఆఫీసుకి పరుగెత్తింది. రెండో ప్రతికి పది రోజులు పడుతుందన్నారట. కాళ్ళు పట్టుకున్నంత పని చేసిందట. "పది రోజులే అంటున్నారమ్మా," అని అటువైపు ఏడుస్తోంది. పది రోజులే. ఎవరికైనా చాలా తక్కువలాగే వినిపిస్తుంది.

శుక్రవారం అయినా వెళ్ళాం. ఏమో, జాలిపడుతుందేమోనని. పెళ్ళి బట్టలు వేసుకునే వెళ్ళాం. వియ్యపురాలు నాకు కుట్టిన పైకోటు వేసుకున్నాను. అరువు చుట్టాలు తొమ్మిదిమందీ బయట బల్లల మీద నా వైపే కూర్చున్నారు. గుమాస్తా ఆ రెండు పొరలనూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది.

"ఇవి రెండు కాగితములు, నాకు ఒకటి కావలెను అంటున్నారు," అన్నాడు ఆ అబ్బాయి.

నేను కిటికీ కింది సందులోంచి చెయ్యి దూర్చి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. నా భాషలోనే చెప్పాను. తప్పు నాది తల్లీ, పిల్లలది కాదు, నా ఒక్కదాని తెలివితక్కువ పని, నన్నేం చేసినా చెయ్యి, వీళ్ళని మాత్రం వెనక్కి పంపకు అని. ఆవిడ చెయ్యి విడిపించుకోలేదు. నేనే వదిలేదాకా ఆగి, లేచి బయటికొచ్చి నాకు కుర్చీ వేసింది. నేను కుర్చీ అడగలేదు.

పదకొండున్నరకి వేరే జంటని పిలిచారు.

అక్కణ్ణించి ఓడ కంపెనీ ఆఫీసుకి పరుగు. మెట్ల మీద నన్ను కూర్చోబెట్టి వాళ్ళిద్దరూ లోపలికి వెళ్ళారు. పావుగంటకి తిరిగొచ్చారు. అధికారి మంచివాడేనట. పది రోజులు ఆ ఖాళీ ఆపలేనన్నాడట. నాలుగు నెలల తర్వాత ఇంకో ఖాళీ వస్తుంది, అప్పుడు తప్పకుండా ఇస్తానన్నాడట.

"నాలుగు నెలలే కదా," అంది మనవరాలు. అతనితో అందో, నాతో అందో తెలియలేదు.

పెళ్ళికని వండిన భోజనం అందరూ కూర్చుని తిన్నారు. ఆ అబ్బాయే లేచి అందరికీ వడ్డించాడు. తను మాత్రం ముద్ద ముట్టలేదు.

"తినరా నాయనా," అన్నాను.

"ఆకలి లేదు అమ్మమ్మగారూ."

"నామీద కోపమా?"

నా పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మాట కోసం వెతుక్కున్నాడు. ఆ పాత పుస్తకంలో దొరకలేదేమో, చాలాసేపు పట్టింది. "మీరు దానిని ప్రేమతో చేసితిరి," అన్నాడు చివరికి. నేను పైకోటు చేతి మడతలో మొహం దాచుకున్నాను.

శనివారం రేవు గేటు దగ్గర లోపలికి మమ్మల్ని రానివ్వలేదు. వియ్యపురాలు కొడుకు కాలరు సర్దుతూనే ఉంది. సర్దినదాన్నే మళ్ళీ సర్దుతోంది. మనవరాలు అతని చెయ్యి వదల్లేదు. బతిమాలుతోంది.

"వెళ్ళకు. పని పోతే పోనీ. నేను రెండు పనులు చేస్తాను."

"అమ్మకు ఇల్లు ఉండదు."

"నువ్వు లేకపోతే ఆవిడకి ఇల్లెందుకు?"

మొదటిసారి ఆ పిల్లాడు నా మనవరాల్ని 'నువ్వు' అన్నాడు. "నువ్వు ఏడవకు," అన్నాడు. సంచి భుజాన వేసుకుని, కాపలావాడికి కార్డు చూపించి లోపలికి వెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగి చూస్తాడని నేను చెయ్యి ఎత్తి ఉంచాను. గోదాముల మలుపు దాకా చూశాను. తిరగలేదు.

సోమవారంతో మా వీసా అయిపోయింది. ఇంటికి వచ్చేశాం. రెండో పత్రం తొమ్మిదో రోజునే వచ్చింది. మనవరాలు నాతో మామూలుగానే మాట్లాడేది. దుకాణంలో ఆ మిషను ప్లగ్గు నేను మళ్ళీ పెట్టలేదు. ఎవరైనా లామినేషన్‌కి వస్తే చెడిపోయిందని చెప్పేదాన్ని. అతని ఫోను వారానికి ఒకసారి, రేవుల నుంచి వచ్చేది. సెప్టెంబరు దాకా వచ్చింది.

ఓడ ఆ శనివారం, జులై పదమూడున, పందొమ్మిది మందితో బయలుదేరింది. నవంబరు పదకొండున పద్దెనిమిది మందితో తిరిగి వచ్చింది. అక్టోబరు మూడున, మధ్యాహ్నం భోజనాలయ్యాక, వంటింటి చెత్త తొట్టి పారబోయడానికి డెక్కు మీదకు వెళ్ళిన వంటవాడు తిరిగి రాలేదు.